నేను కడిగిన గొర్రెపిల్ల

మా ఊళ్లో గొర్రెపిల్లకు సబ్బుతో స్నానం చేయించిన మొదటి మనిషిని నేనే. రెండో మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టకూడదని మా మామ రోజూ దేవుడికి మొక్కుతున్నాడేమోనని నా అనుమానం.

డిగ్రీలో నేను మైక్రోబయాలజీ చదివాను. అంటే కంటికి కనిపించని వాటికి భయపడటంలో నాకు పట్టా ఉంది. పాప పుట్టాక ఆ చదువు ఇంకా పదునెక్కింది. పాల సీసా మూడుసార్లు మరిగిస్తాను. ఎవరైనా పాపను ఎత్తుకోబోతే ముందు వాళ్ల గోళ్లకేసి చూస్తాను. అలాంటి దాన్ని తెచ్చి గొర్రెల రొప్పానికి పది అడుగుల దూరంలో కాపురం పెట్టించారు. చుట్టూ రాతిగోడ పెట్టి, పైన ముళ్లకంప వేసి రాత్రిళ్లు గొర్రెల్ని తోలే దొడ్డినే ఇక్కడ రొప్పం అంటారు. పొద్దున కిటికీ తెరిస్తే గాలి కంటే ముందు పెంటికల వాసన లోపలికి వస్తుంది. మా ఆయన గాలిమరల దగ్గర పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికొచ్చి, "ఏమీ కాదులే" అని చెప్పి వెళ్తాడు. ఆ మాట చెప్పడానికే అంత దూరం నుంచి వస్తాడు.

ఇక మామ. నలభై ఏళ్లుగా గొర్రెల వెంట కొండలు తిరుగుతున్నాడు. సాయంత్రం గొర్రెలు రొప్పంలోకి దూరేటప్పుడు లెక్కపెట్టడు. గడప దగ్గర కట్టె ఆనించుకుని నిలబడి, బీడీ తాగుతూ, పక్కింటాయనతో మాట్లాడుతూనే, "కుంటిదాని బిడ్డ రాలేదే" అంటాడు. వెనక్కి వెళ్లి చూస్తే అది నిజంగానే ఏ వంక గట్టునో కంపలో చిక్కుకుని ఉంటుంది. వంద ముఖాల్లో తప్పిపోయిన ముఖం ఏదో తెలిసిన ఈ మనిషికి నా పేరు నోటికి రావడానికి మాత్రం ఏడాది పట్టింది. మా అత్త చెప్పేదాని ప్రకారం ఆమె మూడు కాన్పులప్పుడూ ఈయన కొండ మీదే ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో ఏ గొర్రె ఎన్ని పిల్లల్ని ఈనిందో అడిగితే ఇప్పటికీ టక్కున చెబుతాడు.

పోయిన సంవత్సరం కళ్యాణదుర్గంలో గొర్రెల పెంపకం మీద శిక్షణ ఇస్తామంటే వెళ్లాడు. జబ్బు చేసిన గొర్రెను ఎలా గుర్తుపట్టాలో తెర మీద బొమ్మలు వేసి చూపించారట. పాఠం చెప్పిన కుర్రవాడి బూట్లు బాగున్నాయని తప్ప మామకు ఇంకేమీ గుర్తులేదు. ఒక టోపీ, ఒక పత్రం ఇచ్చి పంపారు. విజయవంతంగా పాల్గొన్నాడని ఆ పత్రంలో రాసి ఉంది. సగంసేపు నిద్రపోయానని ఆయనే చెప్పాడు కాబట్టి నిద్ర విజయవంతమైందని అనుకున్నాను.

ఆ నవ్వు నాకు ఎక్కువ కాలం నిలవలేదు.

మొన్న వానాకాలం మొదట్లో ఒక తొలిచూలు గొర్రె కొండ మీద ఈనింది. మామ పిల్లను కంబళిలో చుట్టి చంకన పెట్టుకుని వచ్చాడు. తల్లి ఆయన చంకకేసి మూతి చాపి అరుస్తూ ఇంటిదాకా నడిచింది. పుట్టిన పిల్లలు వారం పది రోజులు ఇంటి దగ్గరే ఉంటాయి. తల్లులు పొద్దున మేతకు పోతాయి, పిల్లలు గంపల కింద పడుకుంటాయి, సాయంత్రం పాలకు కలుస్తాయి. ఈ పద్ధతి నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, తెలియడం వేరు అని మరుసటి రోజు తెలిసింది.

అత్త కూలికి పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. పాపకు పది నెలలు, పాకడంలో చీమను మించింది. ఒక్క నిమిషం చప్పుడు లేదే అని బయటికొస్తే గంప పక్కకు ఒరిగి ఉంది, గొర్రెపిల్ల చెవి పాప నోట్లో ఉంది. ఆ పిల్ల ఒంటి నిండా ఎండిన మాయ, పేడ, దుమ్ము. నా చదువంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. ముందు పాప నోరు కడిగాను. తర్వాత గొర్రెపిల్లను తెచ్చి, గోరువెచ్చని నీళ్లు పెట్టి, పాప సబ్బుతో తల నుంచి తోక దాకా రెండుసార్లు రుద్దాను. తువ్వాలుతో తుడిచాను. కొంచెం పౌడరు కూడా వేశాను, అది ఎందుకని మాత్రం ఎవరూ అడగొద్దు. పిల్ల తెల్లగా, మెత్తగా, బొమ్మలా ఉంది. ఫోటో తీసి మా ఆయనకు పంపాను. ఆయన చప్పట్లు కొట్టే బొమ్మ పంపాడు. గొర్రెలవాడి కొడుకు!

సాయంత్రం మంద వచ్చింది. మామ ఒక్కో గంప ఎత్తుతుంటే పిల్లలు ఉరుకుతున్నాయి. ప్రతి తల్లీ పిల్ల తోక కింద ఒకసారి మూతి పెట్టి వాసన చూసి, తనదైతే నిలబడుతుంది, కాకపోతే తన్నుతుంది. నా తెల్లపిల్ల తోక ఊపుకుంటూ తన తల్లి కిందికి దూరింది. తల్లి వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి తలతో గుద్దింది. పిల్ల ఎగిరి గోడ దగ్గర పడింది. లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ గుద్దింది.

మామ పిల్లను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా తుమ్మాడు.

"ఎవురు కడిగినారు దీన్ని?"

"నేనే మామా. మురికిగా ఉంటే..."

"మన పాప వాసన వస్తాండాది. ఇది గొర్రె బిడ్డ అని దానికి ఎట్ల తెలియాల?"

"పొరపాటు అయింది మామా."

"పొరపాటు కాదమ్మా, పౌడరు కూడా ఏసినావు. కాటుక మరిసిపోయినావా?"

అప్పుడే కూలి నుంచి వచ్చిన అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నవ్వు లోపలి నుంచి వినిపించింది. మామ మాత్రం నవ్వలేదు. తొలిచూలు తల్లికి ఆ వాసన ఒక్కటే గుర్తు, అది పోతే బిడ్డ పోయినట్టే అన్నాడు. రెండు పొద్దులు పాలు లేకపోతే పిల్ల చస్తుందని కూడా, వాన రాదేమో అన్నంత మామూలుగా చెప్పాడు.

నేను సీసాతో పాలు పడతానన్నాను. పిల్ల రబ్బరు పీకను నాలుకతో నెట్టేసింది. పాపకు అలవాటైన ఆ సీసాను పట్టుకుని నేను గొర్రెపిల్లను బతిమాలుతుంటే, పక్కన కూర్చున్న పాప తన సీసా కోసం ఏడుపు. ఫోన్‌లో వెతికాను. ఇంకో దేశంలో పచ్చటి గడ్డిలో నిలబడ్డ ఒకాయన, చేతికి తొడుగులేసుకుని, ఏవో మందుల పేర్లు చెబుతున్నాడు.

"ఆయప్ప తన గొర్రెల్ని ఏమని పిలుస్తాడంట?" అని అడిగాడు మామ, ఫోన్‌లోకి తొంగిచూసి. నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆయన పద్ధతి ఆయన మొదలుపెట్టాడు. తల్లి పాలు కొన్ని అరచేతిలోకి పిండి పిల్ల వీపుకూ తోకకూ పూశాడు. పైన ఉప్పు నీళ్లు రాశాడు. తల్లి ఉప్పు కోసం నాకడం మొదలుపెట్టింది. మెడ నాకింది, వీపు నాకింది. నాకు గుండె కుదుటపడుతుండగా తోక దాకా వచ్చి ముక్కు ఎగబీల్చి మళ్లీ గుద్దింది. ఉప్పుతో పాటు ప్రేమ కూడా అయిపోయింది.

"ఇంగ పట్టుకోని తాగించేదే," అన్నాడు మామ. "రేపు నేను కొండకు పోవాల. వాన పడినాంక జొన్న చేన్ల పక్కన తోలేటప్పుడు వేరేవాళ్లకు ఇడిసిపెట్టలేను, బెట్టకు విషమెక్కిన లేత జొన్న ఒక నోరు తింటే గొర్రె ఆడనే పడిపోతాది. తల్లిని ఇంటికాడ ఇడిసిపోతా. నువ్వు కడిగినావు, నువ్వే పట్టుకో."

ఎలా పట్టుకోవాలో చూపించాడు. గొర్రెను గోడకు ఆనించి మోకాలితో అదమాలి. గొంతు కింద చెయ్యి పెట్టి గడ్డం పైకెత్తాలి. తల పైకి లేస్తే అది ముందుకు పోలేదు. ఇదంతా ఆయన ఒక చేత్తో, రెండో చేత్తో బీడీ వెలిగించుకుంటూ చేశాడు. మర్నాడు నేను రెండు చేతులతో, రెండు మోకాళ్లతో, ఉన్న ఓపికంతా పెట్టి చేస్తే గొర్రె నన్ను ఈడ్చుకుంటూ రొప్పం చుట్టూ తిప్పింది. పిల్ల మా ఇద్దరి వెనకాల. పెంటికలు ఎక్కడెక్కడికి వెళ్లాయో రాయను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇదే వరస. ఒక్కో పూట నాలుగు గుక్కలు తాగిందో లేదో. రెండో రోజు సాయంత్రానికి పిల్ల అరవడం మానేసింది. తల వాల్చి గోడవారన నిలబడింది. పాప పాలు తాగిందా లేదా అని రోజుకు పదిసార్లు భయపడేదాన్ని, ఆ రెండు రోజులూ పాప గోళ్లు కూడా చూడలేదు.

మూడో రోజు మామ మందను తొందరగా తోలుకొచ్చాడు. పిల్ల కళ్లు విప్పి చూశాడు, కడుపు నొక్కి చూశాడు. పక్కింటికి వెళ్లి వాళ్ల ఎర్రకుక్కను అడిగాడు.

"ఏమప్పా, నీకు కుక్క లేదా?" అన్నాడు పక్కింటాయన.

"గొర్రెలకు నాది అలవాటు. కొత్తది కావాల."

"ఇది బెదిరించదన్నా. పిల్లిని చూస్తే మంచం కిందికి దూరుతాది."

"గొర్రెకు ఆ సంగతి తెల్దు గదా. ఇయ్యి."

కుక్కను తాడుతో ఈడ్చుకొచ్చారు. అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి రానంటోంది. రొప్పం మూలలో తల్లీ పిల్లా ఇద్దరినీ ఉంచి, మామ కుక్కను గడపలోంచి లోపలికి నెట్టి తాడు బిగించి పట్టుకున్నాడు. కుక్క భయంతో మొరిగింది. గొర్రె గోడకు ఒదిగింది. పిల్ల కదలలేదు. మామ కుక్కను ఇంకో బెత్తెడు ముందుకు, పిల్ల వైపు జరిపాడు. నేను ముందుకు వెళ్లబోయాను. "కదలొద్దు," అన్నాడు తల తిప్పకుండానే.

గొర్రె ముందు కాలితో నేలను ఒకసారి కొట్టింది. మళ్లీ కొట్టింది. తర్వాత గోడ వదిలి, పిల్లకూ కుక్కకూ మధ్యకు వచ్చి తల వంచి నిలబడింది. కుక్క కుయ్యోమని తాడు తెంపుకున్నంత పని చేసింది. మామ దాన్ని వదిలేశాడు. అది వాళ్లింటిదాకా వెనక్కి చూడలేదు.

గొర్రె అలాగే కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి పిల్ల తోక కింద మూతి పెట్టింది. చాలాసేపు పెట్టింది. పిల్ల తూలుతూ పొదుగు కిందికి దూరింది. ఈసారి తల్లి కదలలేదు. గొంతులోపల సన్నగా ఏదో గొణిగింది.

"పలుకుతాండాది," అన్నాడు మామ. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన మెత్తదనం తన ముగ్గురు పిల్లలకూ, పెళ్లానికీ ఎప్పుడైనా దక్కిందా అని నాకు అనుమానం. అత్త గడప దగ్గర నిలబడి అదే చూస్తోంది. ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"రేపట్నుంచి ఇది కొండకు పోతాది," అన్నాడు మామ నాతో. "పిల్ల నీ దగ్గరే ఉంటాది. ముట్టొద్దు."

మర్నాడు సాయంత్రం మంద ఇంకా బాట మలుపులో ఉండగానే ఆ గొర్రె అందరినీ దాటుకుని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. గంప కింద పిల్ల బదులు పలికింది. మామ ఇంకా వెనకాలే ఉన్నాడు, గంప ఎత్తాల్సింది నేనే. మీద చెయ్యి పడకుండా కాలివేలితో గంప అంచు లేపి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పక్కకు నిలబడ్డాను.