దమ్ము తక్కువున్న కాడ

పోయిన మంగళవారం పొద్దున్నే కామారెడ్డిలో స్విమ్మింగ్‌పూల్‌లోకి దిగబోతుంటే ఎల్లారెడ్డి నుంచి మామ ఫోన్. "మీ అత్త పోయింది బిడ్డా" అన్నాడు. మా నాన్నకు సొంత అక్క ఆమె. టవల్ భుజాన ఉండగానే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

వచ్చే నెల హిమాలయాల్లో, ఎక్కడో ఎత్తున ఉన్న సరస్సులో నాకు ఈత పోటీ ఉంది. అక్కడ గాలి పలచన. ఆ ఎత్తుతో పోలిస్తే మా కామారెడ్డి సముద్రం ఒడ్డున ఉన్నట్టే లెక్క. పది రోజులు ముందే వచ్చి అలవాటు పడమన్నారు. నాకు దొరికిన సెలవేమో నాలుగు రోజులు! నీళ్ల మధ్యలో ఊపిరి అందకపోతే ఏమిటి గతి అన్న భయంతో, రోజూ మునిగి ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాను. అదే నేను చేసిన తప్పు. దాన్ని పట్టుకున్నది బీడీలు చుట్టే మా అత్త.

నలభై ఏళ్ల తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. సెలవు రోజున నేను వాళ్ల పొలం బావిలో ఈదుతుంటే, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గట్టున కూర్చునేది. ఒకరోజు మునిగి ఊపిరి బిగబట్టి, కళ్లు తేలేసి పైకొచ్చాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! దమ్ము తక్కువున్న కాడ బిగవడ్తరానే? మొత్తం ఇడువు. జర ఆగు. మల్ల తీస్కో. నేను దినాం గట్లనే బతుకుతున్న. ఆగితే ఎవలన్న కొడ్తరా?"

నిజంగానే అలాగే బతికింది. నన్ను బస్టాండు దాకా సాగనంపడానికి వస్తూ మూడు చోట్ల ఆగేది. ఆయాసం కనబడకుండా, ఎవరింటి ముందో నిలబడి "బాగున్నరా?" అని పలకరించేది. ఇంటికి తాళం వేసి ఉన్నా సరే. పోయినసారి బస్సు వెళ్లిపోతుందని విసుక్కుని నేను ముందు నడిచాను. "నువ్వు పో, నేనొస్త" అంది వెనక నుంచి. ఆ బస్సు అరగంట దాకా కదలనే లేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

శ్మశానానికి పోతూ అత్త పాడెను సగం దారిలో దింపారు. ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మా దిక్కు ఆచారం. అత్తకు పిల్లలు లేరు. "నువ్వే పిలువు బిడ్డా" అన్నాడు మామ. వంగి, "అత్తా" అని మూడుసార్లు పిలిచాను. ఇక నేను లేవాలి. లేవలేదు.

"అత్తా, ఆడ నాకు దమ్ము చాలకపోతే ఎట్లనే?" అని అడిగాను.

మామ రెక్క పట్టి లేపేదాకా, ఆమె నోటి దగ్గర చెవి పెట్టుకునే ఉన్నాను.