పసుపు అంటినంత మేర

మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఫిబ్రవరి నెల. లెబనాన్ కొండల్లో వెయ్యిన్నీ నూట ఇరవై మీటర్ల ఎత్తు. చినుకు, మంచు, ఎదురుగాలి. నెత్తిన నీలం హెల్మెట్, ఒంటి మీద పదకొండు కిలోల కవచం. మాది శాంతి దళంలో ఇంజనీర్ల సెక్షన్, తొమ్మిది మందిమి. పని ఒక్కటే: కనుమ దారిని తెరిచి ఉంచడం. దారికి అవతల ఒక ఊరు, ఇవతల ఆసుపత్రి.

మాది గజపతినగరం దగ్గర పల్లె. పదో తరగతితో బడి మానేశాను. లెక్కలు ఆ తర్వాత నా అంతట నేను నేర్చుకున్నవే. సెక్షన్‌లో కొలతలు, మందుగుండు పాళ్లు నేనే చూసేవాణ్ని. రాతికి రంధ్రాలు వేసే డ్రిల్లర్ శ్రీముఖలింగం వైపువాడు. వాళ్ల ఇంట్లో అందరూ క్వారీలో రాయి కొట్టి బతికినవాళ్లే. నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. అంత దూరంలో మన మాట మాట్లాడేవాడు దొరికితే బావ కాక ఇంకేమవుతాడు?

మూడో వారంలో ఒక రాత్రంతా కుండపోత. తెల్లారి ఆరున్నరకు కబురు వచ్చింది: ఏడో మలుపులో చరియ జారింది. మట్టిని బుల్‌డోజర్ తోసేయగలదు. దాంతోపాటు దిగిన బండను మాత్రం కదపలేదు. అంతవరకూ అది దారి పక్కన గట్టు మీదే ఉండేది. రోజూ దాని కిందుగానే వెళ్లేవాళ్లం. పదమూడు అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, ఒళ్లంతా నాచు. ఇప్పుడు దారికి అడ్డంగా పడి ఉంది.

మా దుబాసీ ఆ ఊరి బడిపంతులు. ముందు రాత్రి పోస్టులోనే ఉండిపోయాడు. అతని భార్య చరియకు అవతల ఉంది. తొలి కాన్పు. అయిదు గంటలకే నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది. నడిపించి దాటిద్దామంటే బురద మోకాలి పైకి దిగుతోంది, పైనుంచి ఇంకా రాళ్లు రాలుతున్నాయి. కారు రావాల్సిందే. బండ పోవాల్సిందే.

డ్రిల్లర్ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. పసుపు నీళ్లతో కలిపి అరచేత్తో బండకు పులిమాడు. మా లెఫ్టినెంట్ గడియారం చూసుకున్నాడు.

"ఏటిరా, ఇప్పుడా?" అన్నాను.

"రాయికి సెప్పకుండా సూది దింపకూడదు బావా. మా అయ్య అలాగే సేసీవోడు. రెండు నిమసాలు ఆగు."

ఆ రెండు నిమిషాల్లో చినుకులు పడి పై పసుపు కారిపోయింది. గీతల్లో దిగింది మాత్రం నిలిచింది. అరచేయంత అక్షరాలు పచ్చగా పైకి తేలాయి.

"బావా, సూడు! రాయి మీద ఇంగిలీసు ఉన్నాదేటి?"

ఐ, ఎం, పీ అని చదివాను.

"ఇంపార్టెంటు, కొట్టకండి అనీసి రాసినారేటి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

దుబాసీ దగ్గరికొచ్చి అక్షరాలను వేలితో తడిమాడు. "రోమన్లది. ఐ, ఎం, పీ అంటే వాళ్ల చక్రవర్తి. ఈ దారి కూడా వాళ్లు వేసిందే అంటారు," అని బురదలోనే కూర్చుండిపోయాడు. ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. నొప్పులు పడుతున్నది అతని భార్యే. ఆ రాయిని చూసి "ఆగండి" అన్నదీ అతనే. అతనికి ఏం కావాలో మాకు అర్థం కాలేదు. అతనికైనా అర్థమైందో లేదో.

లెఫ్టినెంట్ రేడియో తీశాడు. కాసేపటికి హెడ్‌క్వార్టర్స్ నుంచి జవాబు: "రాత ఉన్న భాగం ముట్టుకోవద్దు. మిగతాది తీసి దారి తెరవండి. ఓవర్."

రాత ఎక్కడిదాకా ఉంది? టేపు పెట్టి కొలిచాను. ఎడమ అంచు నుంచి ఆరడుగుల నాలుగంగుళాల దాకా పసుపు. చివరి గుర్తులు ఒక ఐ, ఒక వీ. రోమన్ అంకెల్లో నాలుగు అలాగే రాస్తారు. ఆ తర్వాత నాచే.

"అటు ఏమీ లేదు కదా?" అని దుబాసీ అడిగాడు.

"ఏటీ నేదు. ఉంటే పసుపు పట్టీది కదా," అన్నాడు డ్రిల్లర్. నేను తర్జుమా చేసి చెప్పాను. దుబాసీ తలూపాడు.

నిలువు గీతలో అయిదు రంధ్రాలు. మందు తక్కువ పాళ్లు. తొమ్మిదీ నలభైకి పేల్చాం. జున్ను కోసినట్టు చీలింది. కుడి ముక్క మూడుగా విరిగి లోయలోకి దొర్లిపోయింది. బుల్‌డోజర్ మట్టి తోసింది. దుబాసీ బావమరిది కారు వచ్చేసరికి పదింపావు. వెనక సీట్లో ఆమె. కారు బండ పక్కనుంచి అంగుళం అంగుళం కదిలింది, మధ్య జానెడు సందు. రాయి మీదికి వస్తోందనుకుందో ఏమో, ఆమె కిటికీలోంచి చేయి చాపి బండను అవతలికి నెట్టినట్టు అదిమింది. చేయి వెనక్కి తీసుకున్నప్పుడు నాలుగు వేళ్లూ పచ్చగా ఉన్నాయి. దుబాసీ ముందు సీట్లో ఎక్కాడు. కారు వెళ్లిపోయింది.

డ్రిల్లర్ పొట్లం కాగితం మడుస్తున్నాడు. "సరిగ్గా అక్కడికి అయిపోనాది బావా."

"ఏది?"

"పసుపు."

"బండంతా పుయ్యలేదా నువ్వు?"

"అంత బండకి కేజీ కావాల. బొట్టుకి సాల్తాది కదా అనుకున్నాను..." అని ఆగిపోయాడు.

ఇద్దరం లోయలోకి చూశాం. కింద ఒక ముక్క మా వైపు తిరిగి ఉంది. బైనాక్యులర్‌లో దాని మీద గీతలు కనిపించాయి. డ్రిల్లర్ అక్షరాలే అన్నాడు. లెఫ్టినెంట్ పగుళ్లు అన్నాడు. నాకు ఒక నిమిషం అవి, ఒక నిమిషం ఇవి.

నాలుగు రోజులకు దుబాసీ మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. డ్రిల్లర్ ఏదీ దాచలేదు, పొట్లం సంగతి అంతా చెప్పాడు. దుబాసీ బైనాక్యులర్ తీసుకుని లోయలోని ముక్కను చాలాసేపు చూశాడు.

"అక్షరాలేనా?" అని అడిగాను.

"తెలియడం లేదు. ఈ కొండల్లో కొన్ని రాళ్ల మీద, నాలుగు జాతుల చెట్లు రాజువి, మిగతావి జనానివి అని ఉంటుంది. ఇది అదో కాదో. నాలుగు అన్నది మిగిలింది. ఏవి నాలుగో అటువైపు ఉండి ఉంటుంది." డబ్బా మూత తీసి మొదట డ్రిల్లర్‌కే అందించాడు. వాడికి తీసుకోవాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

వారంలో మళ్లీ మంచు పడింది. కింది ముక్క కనబడలేదు. కరిగాక చూస్తే అది అక్కడ లేదు. ఇంకా కిందికి జారిందో, ఎవరైనా తీసుకుపోయారో.

అక్కడి పని ముగిశాక విజయనగరం స్టేషన్లో దిగాను. మావాళ్లు అక్కడ ఏం చూశావని అడిగితే రాయి గురించి చెప్పాను. బాగుంది, ఇంతకీ దాని మీద ఏం రాసుందన్నారు. నాలుగు అన్నాను. నాలుగు ఏమిటన్నారు. పెట్టెలు ఆటోలో ఎక్కించాను.

డ్రిల్లర్ ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "ఆ పిల్లకి ఎన్నేళ్లొచ్చుంటాయి బావా?" అంటాడు. అది చెప్పగలను, చెబుతాను. ఆ ముక్క మీద ఉన్నవి అక్షరాలేనా అన్న రెండో ప్రశ్న వాడు అడగడు. ఫోన్ పెట్టేశాక నాకు కనబడేది మాత్రం రాయి కాదు. కారు కిటికీలోంచి బయటికొచ్చిన చేయి, ఆ నాలుగు పచ్చటి వేళ్లు. అవేమిటో తెలియక ఆమె వాటిని చున్నీకి తుడుచుకోవడం.