పీర్ మహమ్మద్ పూచీ

వన్ టౌన్ సందులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పీర్ మహమ్మద్, నెల తిరక్కుండా కళాయి వేయించుకున్న వాళ్ళ ఇంటికే వెళ్ళి తన పనితనం నిలిచిందో లేదో వేలితో తడిమి చూసి వచ్చేవాడు. భార్య వైద్యం కోసం బియ్యం వర్తకుడు భీమశంకరరావుకు ఒక మూత్రపిండం అమ్ముకున్నాడు. గాయం మానీ మానకముందే, డొక్క అదుముకుంటూ ఆయన కొట్టుకూ అలాగే వెళ్ళాడు.

“సొమ్ము ముట్టింది కదా పీరూ! అమ్మిన సరుకు మళ్ళీ పట్టుకుపోతావేటి?” అన్నాడు వర్తకుడు వెటకారంగా.

“నాకేటీ వద్దు బాబూ. నీళ్ళు బాగా తాగతన్నారా? నాను కళాయేసిన గిన్నెనే మళ్ళీ సూసుకుంటాను. ఇది నా ఒంట్లో పుట్టింది కదా!”

వర్తకుడు పరుపు మీంచి లేచి నిలబడ్డాడు. కూజాలోని నీళ్ళు గ్లాసు నిండా వంచుకుని, అతని కళ్ళ ముందే చివరి చుక్క వరకూ తాగాడు.