లైనమ్మ తీసేసిన టక్కు

మా పెద్దమ్మకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది కాని, ఊళ్ళో దాన్ని ఎవరూ వాడగా నేను వినలేదు. అందరికీ ఆవిడ లైనమ్మ. ఇరవయ్యో ఏట టెలిఫోన్ ఎక్స్చేంజిలో మెకానిక్కుగా చేరి, ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేసింది. రిసీవరు చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, ఫలానా వీధి మలుపు దగ్గర జాయింటులోకి నీళ్ళు దిగాయని చెప్పేది. గడ్డపార పట్టుకెళ్ళి తవ్వితే అక్కడ నీళ్ళుండేవి. అన్నేళ్ళలో ఫోన్లో ఎవరేం మాట్లాడుకున్నారో ఆవిడకు పట్టలేదు. ఆ మాటల వెనకాల వచ్చే గరగర, చిటపట, టక్కుటక్కులే ఆవిడకు కావాలి. వాటిని పట్టుకుని, అవి లేకుండా చేయడమే ఆవిడ ఉద్యోగం.

రిటైరైన మొదటి ఏడాది ఇంట్లో పాడైనవన్నీ బాగుచేసింది. రెండో ఏడాది బాగున్నవాటిని బాగుచేయడం మొదలుపెట్టింది. మా పెదనాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి, మాట పొదుపు. ఒకరోజు ఆయన టైము చూద్దామని గోడకేసి తలెత్తితే అక్కడ మేకొక్కటే ఉంది, గడియారం లేదు. టైమెంతయిందని అడిగితే, సాయంత్రం చెప్తానంది పెద్దమ్మ. ఆయన ఎండ ఎంత దూరం వచ్చిందో చూసుకుని స్నానానికి వెళ్ళాడు.

ఇల్లు అలా నడుస్తుండగా ఆర్గన్ వచ్చింది.

మా ఊళ్ళో ఒకప్పుడు స్కేటింగు హాలుండేది. చక్రాల బూట్లేసుకుని జనం గుండ్రంగా తిరుగుతుంటే, ఒక మూల అరుగు మీద హార్మోనియంలా మీటలున్న ఎలక్ట్రిక్ ఆర్గన్ మోగుతుండేది. హాలు మూతపడి పన్నెండేళ్ళయింది. దాన్ని టైల్సు గోడౌనుగా మారుస్తున్న కొత్త ఓనరు, ఆర్గన్ కావలసినవాళ్ళు ఊరికే పట్టుకుపోవచ్చని తలుపు మీద కాగితం అంటించాడు. ఆ పూట నేను పెద్దమ్మ వెంటే ఉన్నాను. ఆవిడ కాగితం చదివింది, లోపలికి నడిచింది, ఆర్గన్ వెనక చెక్క విప్పించి టార్చి వేసింది. లోపల జడలు జడలుగా వందల తీగలు. చంటిబిడ్డ ఉయ్యాలలోకి తొంగి చూసినట్టు చూసింది మా పెద్దమ్మ.

"ఇన్ని తీగలు, ఒక్క ఫిర్యాదూ రాలేదటే పన్నెండేళ్ళుగా" అంది.

అడిగేవాళ్ళు లేకపోతే ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తుందని నేను అనబోయాను. అప్పటికే ఆవిడ కొలతలు తీస్తోంది.

కొలతలు సరిగ్గానే తీసింది. ఆర్గన్‌వి తీసింది, మెట్లవి తీయలేదు. పెద్దమ్మావాళ్ళుండేది రెండో అంతస్తు. ఆరుగురు కూలీలు దాన్ని మొదటి మలుపుదాకా మోశారు. అక్కడ అది ముందుకు పోనంది, వెనక్కి రానంది. మోసినవాళ్ళు చెమటలు తుడుచుకుని, ఇంతకన్నా ఏనుగైతే నయం, తన కాళ్ళతో తను ఎక్కేది అని చెప్పి వెళ్ళిపోయారు. పెద్దమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుని స్క్రూడ్రైవరు తీసింది. నాలుగు రోజులు ఆ మలుపులోనే విప్పింది. మేడ మీదివాళ్ళు గోడకు వీపు రాసుకుంటూ పక్కకి తిరిగి దిగేవారు. మూడో రోజుకు అందరికీ అలవాటై, పోస్టుమాన్ మొత్తం బిల్డింగు ఉత్తరాలు ఆర్గన్ మీద పెట్టి పోవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు అది ముక్కలు ముక్కలుగా ఇల్లు చేరింది.

పెదనాన్న ముందుగదిలో తన కుర్చీ ఎక్కడుందో వెతుక్కున్నాడు. అది వంటింట్లో ఉంది.

"మనిద్దరికే ఇరుకనుకున్నాం కదోయ్. ఇదొక్కటీ నలుగురి పెట్టు" అన్నాడు.

"నలుగురి పెట్టే కాని తిండి పెట్టక్కర్లేదు లెండి" అంది పెద్దమ్మ.

తిండి పెట్టక్కర్లేదన్న మాట మర్నాడే తప్పయింది. ఈ ఆర్గన్‌లో శబ్దం పుట్టించేది పళ్ళున్న చిన్న చిన్న ఇనప చక్రాలు, తొంభై ఒకటి. ఒక మోటారు వాటన్నిటినీ తిప్పుతుంది. చక్రానికో బేరింగు, బేరింగుకో నూలుపోగు. పైనున్న తొట్టిలో నూనె పోస్తే, దీపపు వత్తిలా ఆ పోగు పీల్చి కిందికి దింపుతుంది. పన్నెండేళ్ళలో తొట్టి ఎండింది, పోగులు ఎండాయి, చక్రాలు బిగుసుకున్నాయి. తొందరపడి కరెంటిస్తే మోటారు కాలిపోతుంది. అందుకని పెద్దమ్మ రోజూ పొద్దున్నే కాఫీకి ముందు రెండు చెంచాల సన్న నూనె పోసి, చేత్తో చక్రాలను వెంట్రుకవాసి కదిపి, మూత పెట్టేది. ఇలా ఇరవై మూడు రోజులు. పెదనాన్న పేపరు వెనకాలనుంచి రోగి ఎలా ఉందని అడిగేవాడు. ఇవాళ కొంచెం కదిలిందని ఈవిడ చెప్పేది.

ఆ ఖాళీలో మిగతా పనులు. మీటల కింద మెత్తదనానికి వేసిన స్పాంజి కరిగి తారులా అంటుకుపోయింది. దాన్ని గీకడానికే వారం పట్టింది. వెనక అరలో ఎలుకలు స్కేటింగు టికెట్లు కొరికి పరుపులు వేసుకున్నాయి. తీసిన చెత్తలో పదకొండు జడపిన్నులు, ఒక బూటు చక్రం, ఒక కట్టుడు పన్ను దొరికాయి. ఆ పన్ను ఎవరిదై ఉంటుందో, పడిపోయాక ఆ మనిషి నవ్వడం మానేశాడో ఏమో అని మేం ముగ్గురం ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం.

ఇరవై నాలుగో రోజు స్విచ్చి వేసింది. కీచుమని అరిచి, ఆయాసపడి, మెల్లగా చక్రాలన్నీ తిరిగాయి. మీట నొక్కింది. మోగలేదు. లోపలి గాజు వాల్వు ఒకటి మార్చి మళ్ళీ నొక్కింది. ఆర్గన్ గొంతు సవరించుకుంది.

"తీరప్రాంతాల్లో ఒకటి రెండు చోట్ల చిరుజల్లులు పడే అవకాశముంది" అంది.

ఎక్కడో ఎర్తు తీగ ఊడితే ఆ తీగే ఏరియల్‌గా మారి రేడియో స్టేషన్ను పట్టుకుందట. పెదనాన్న కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, వార్తలు చివరిదాకా విన్నాడు. చదివినమ్మాయి ఒత్తులు పలకడం లేదన్నాడు. తర్వాత, మనకు రేడియో ఉందనుకుంటానే అన్నాడు. పెద్దమ్మ ఆయనకేసి చూసిన చూపుకి ఆ కప్పు తనే కడుక్కుని బోర్లించాడు.

ఎర్తు బాగుచేశాక రేడియో పోయి పాట మిగిలింది. కాని ఒకచోట చిక్కు పడింది. ఒక మీట నొక్కితే దాని పక్క మీట పలకవలసిన స్వరం పలుకుతోంది. పెద్దమ్మ దగ్గరున్నది లైబ్రరీలో దొరికిన పాత సర్క్యూటు పటం, జెరాక్సు. దాని ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పది రోజులు తీగ తీగా తడిమింది. తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, నాతో మాట తగ్గింది. చివరికి, తను తీగలు పట్టుకుంటుంది, పటంలో అంకెలు ఎవరైనా పైకి చదివితే బాగుండునంది. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని కింద కూర్చున్నాడు.

ఆయనకు కరెంటు సంగతి ఓనమాలు తెలియవు. కాని నలభై ఏళ్ళు చదివింది అర్థం కోసం కాదు, తప్పు కోసం. నలభై ఏడుదాకా చదివి ఆగాడు.

"నలభై ఏడు రెండుసార్లు పడింది. నలభై ఎనిమిది లేదు."

"పటంలో తప్పుండదండీ. కంపెనీవాళ్ళు వేసింది."

"కంపెనీలో కంపోజిటరు ఉండడా? వాడూ మనిషే" అన్నాడు, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి రెండో నలభై ఏడుని కొట్టేస్తూ.

ఎప్పుడో ఎవరో ఈ పటం చూసే రిపేరు చేసి, ఆ రెండు తీగలూ తారుమారుగా అతికించారు. మార్చగానే స్వరం తన మీటకు వచ్చింది. ఆ రోజునుంచి పెదనాన్న కుర్చీ ముందుగదిలోకి తిరిగొచ్చింది. ఎవరైనా వస్తే ఆయన తొలిసారిగా "మా ఆర్గన్" అన్నాడు.

ఇక మిగిలింది టక్కు. ఏ మీట నొక్కినా, స్వరం మొదలయ్యే ముందు సన్నగా "టక్" అంటోంది. మీట కింద లోహం లోహాన్ని తాకే క్షణంలో వచ్చే చప్పుడది. మా పెద్దమ్మ చెవికి అది పంటి కింద రాయి. ప్రతి మీట కింద తొమ్మిది కాంటాక్టులు. అన్నిటినీ తుడిచింది, ఐనా పోలేదు. చివరికి ఒక్కో మీటకు చిటికెడంత కెపాసిటరు అతికించి, టక్కు నోరు నొక్కింది. రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మీట నొక్కితే స్వరం పాలమీద మీగడలా లేచి వచ్చేది.

అప్పుడు గాని మాకెవరికీ తట్టలేదు, ఇంట్లో ఎవరికీ ఆర్గన్ వాయించడం రాదని.

స్కేటింగు హాల్లో ఇరవై ఆరేళ్ళు వాయించిన ఆవిడ ఊరి ఆ చివర కూతురింట్లో ఉంటోందని వాకబులో తేలింది. వెళ్ళి తీసుకొచ్చింది నేనే. డెబ్భై తొమ్మిదేళ్ళు, చీపురుపుల్లలాంటి మనిషి. చేతిలో గుడ్డసంచి, అందులో అడుగు పల్చగా ఉన్న బూట్లు. మామూలు చెప్పులతో కింది పెడల్సు వాయిస్తే కాలికి చూపుండదని దారిలో చెప్పింది. మెట్లెక్కి, మంచినీళ్ళు కూడా తాగకుండా బూట్లు మార్చుకుని కూర్చుంది. రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఒక్కసారి కదిలాయి. ఆ చిన్న గది నిండిపోయింది. పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

అర నిమిషం గడిచిందో లేదో ఆవిడ ఆపేసింది. మళ్ళీ ఒక మీట నొక్కి చెవి వంచింది.

"అమ్మాయ్, దీని టక్కేదీ?"

పెద్దమ్మను ఎవరైనా అమ్మాయ్ అని పిలిచి ఎన్నేళ్ళయిందో. అది లోపం కదండీ, తీసేశానని వినయంగా, కొంచెం గర్వంగా చెప్పింది.

"లోపమే. దాంతోనే ఇరవై ఆరేళ్ళు బతికాను" అంది ఆవిడ. "హాల్లో రెండొందల జతల చక్రాలు గరగరమంటుంటే ఈ తీపి రాగం ఎవరికి వినపడుతుంది? ఆ టక్కే వినపడేది. దాని మీదే అడుగేసేవాళ్ళు. ఇది బాగానే ఉందమ్మాయ్. పళ్ళూడిన బాగు."

కాఫీ తాగి, బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పెద్దమ్మ మూడు రోజులు ఆర్గన్ వైపు చూడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు టక్కులు పట్టుకున్న తనకు, టక్కు లేదని ఒకరు వంక పెట్టారని నాతో రెండుసార్లు అంది. మూడో రోజు పెదనాన్న అన్నం దగ్గర నోరు విప్పాడు. ముందు, టక్కు అంటే నిఘంటువులో మోసమనే ఉందన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. అప్పుడు తన ఉద్యోగం తొలిరోజుల్లో జరిగింది చెప్పాడు. ఎవరో కథ రాసి పంపితే, అందులో ముసలమ్మ మాటల్లో వ్యాకరణం లేదని ఈయన శుభ్రంగా దిద్దాడు. పుస్తకం అచ్చయ్యాక రచయిత వచ్చి, మా అమ్మమ్మని ఏం చేశారని అడిగాడు.

"ఏం చెప్పారు మరి?"

"ఏం చెప్తాను? బాగుచేశానని చెప్పలేకపోయాను."

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. మర్నాడు వెళ్ళి ఆర్గనావిడను తనే తీసుకొచ్చింది. ఆవిడ బల్లమీద కూర్చుంది, ఈవిడ సోల్డరింగు కడ్డీ పట్టుకుని వెనక చేరింది. ముందు ఒక్క మీట కెపాసిటరు తీసి, కొంచెం చిన్నది పెట్టింది. ఆవిడ నొక్కి చూసి, ఉప్పు చాల్లేదన్నట్టు పెదవి విరిచింది. సగం విలువ ఉన్నది పెట్టింది. ఇంకొంచెం టక్కు కావాలందావిడ. పెద్దమ్మ అదీ తీసేసింది. మరీ ఎక్కువైందంది ఆవిడ, నువ్వు కాంటాక్టులు మరీ తోమేశావని తప్పుపట్టింది. తోమినదాన్ని ఎలా మాపాలో పెద్దమ్మకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. ఇద్దరూ ఒకే మీట మీద గంటన్నర కూర్చున్నారు. పెదనాన్న నోటుబుక్కులో గీతలు గీసి, ఏ మీటకు ఎంత టక్కు అని రాసుకున్నాడు. ఇలా అన్ని మీటలకూ కుదరడానికి పదహారు రోజులు పట్టింది.

పదిహేడో రోజు ఆవిడ కూర్చుని, ఈసారి ఆపలేదు. ఒకదాని వెంట ఒకటి, స్కేటింగు హాలు పాటలన్నీ వాయించింది. స్వరం ముందు సన్నగా ఆ టక్కు, బూటు నేలకు తగిలినట్టు. కింది వాటావాళ్ళు గొడవకొస్తారని నేను భయపడ్డాను. తలుపు తీసి చూస్తే కిందివాళ్ళూ పైవాళ్ళూ మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. పెదనాన్న కుర్చీలో కూర్చునే ఉన్నాడు కాని, ఆయన కుడికాలికి ఆ సంగతి తెలిసినట్టు లేదు, అది తన దారిన తను ఆడుతోంది. ఆవిడ వాయించడం ఆపి, వేళ్ళు విరుచుకుని, ఇదిగో ఇది నాది అంది. అంతకుమించి మెచ్చుకోలు లేదు. పెద్దమ్మకు అదే చాలింది, ఆ పూట వంటింట్లో ఏదో కూనిరాగం తీయడం నేను విన్నాను, శ్రుతి ఎక్కడా కలవలేదు.

ఇప్పుడు ఆర్గనావిడ ప్రతి గురువారం వస్తుంది. గంటసేపు తను వాయించుకుంటుంది, తర్వాత అరగంట పెద్దమ్మకు పాఠం. లైన్లు విని నీళ్ళెక్కడ దిగాయో చెప్పిన మా పెద్దమ్మకు తాళం మాత్రం చిక్కడం లేదు. కుడిచెయ్యి వస్తే ఎడమచెయ్యి పోతుంది, రెండూ వస్తే కాళ్ళు మరిచిపోతుంది. మొన్న వెళ్ళేసరికి టీచరమ్మ పెద్దమ్మ మోచేతి మీద పెన్సిలుతో కొడుతోంది.

"అమ్మాయ్, మళ్ళీ మొదట్నుంచి" అంటోంది.

అరవై దాటిన మా పెద్దమ్మ తల వంచుకుని, అలాగేనండీ అని, మొదటి మీట వెతుక్కుంటోంది.