గడీకి కొత్త రంగు

మా ముత్తాత ఇరవై ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత కాలంలో మా గడీ ముందు ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. అదే గడీని బాగుచేసి పర్యాటకులకు చూపించే పథకం కోసం పోలండ్ నుంచి వచ్చిన కోటల నిపుణురాలు, నా గడపలోనే నన్ను ఆపేది. ఆమెకు వచ్చిన తెలుగు ఒక్కటే: "జర ఆగుండ్రి." అరచేయి ఎత్తి అనేది. నేను ఒంటికాలి మీద ఆగితే, నా కాలికింద పడబోయిన సున్నపు పెచ్చును ఏరి దూదిలో చుట్టుకునేది. ఆ పాత సున్నమే గడీకి విలువ అని దుబాసీతో చెప్పించింది. మర్యాదకు అన్నదనుకున్నాను.

రెండు దేశాల అధికారులు వచ్చి చూసి ఒప్పుకుంటే, పథకం డబ్బుతో కప్పు నిలుస్తుంది. లేకపోతే వచ్చే వానకు కూలుతుంది. పెచ్చులూడిన గోడలు అతిథులకు చూపడం మా వంశంలో లేదు. వేములవాడ నుంచి పెయింటర్లను పిలిపించి, గడీ అంతటికీ మెరిసే ఆకుపచ్చ రంగు వేయమన్నాను.

అధికారులు వచ్చే రోజు పొద్దున్నే వచ్చిన ఆమె చెయ్యెత్తింది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఒక్క గోడనే మిగిలింది. గంటల అయిపోతది," అన్నాడు నిచ్చెన మీది పెయింటర్.

ఆమె ఆ గోడకు అడ్డంగా చేతులు చాచి, అధికారులు వచ్చేదాకా నిలబడింది. వాళ్లు ఆ ఒక్క గోడకే ఫొటో తీసుకుని, వేరే కోటకు పథకం ఇచ్చారు.

ఆ వానాకాలం కప్పు కూలింది. టేకు దూలాలను మంచిర్యాల టింబర్ డిపోకు అమ్మాను.