తువ్వాలు కింది బేరం

మా నాన్న పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడు. ఆయన చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాలు కిందే ఉండేవి. వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. పక్కనే నిలబడి చూసినా నాకు ఏమీ తెలిసేది కాదు, ఆ ఎద్దుకీ తెలిసేది కాదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగినా "ఏదో కుదిరిందిలే" అనేవాడు. అంత గుట్టు మనిషికి నేను పుట్టాను.

చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లుకి ఊళ్లు తిరిగి పత్తి కొనడం నా ఉద్యోగం. పళ్లు తోముకోవడం మరిచినా పొద్దున్నే స్టేటస్ పెట్టడం మరిచేవాణ్ణి కాదు. నా ఫోన్‌లో రైతులందరూ ఉన్నారు, వాళ్ల ఫోన్లలో నేనున్నాను. ఒకరోజు ఖాళీ లారీ ముందు ఫొటో దిగి, "సాయంత్రంలోగా ఇది నిండకపోతే మా ఓనరు ఊరుకోడు" అని రాసి, నవ్వే బొమ్మ కూడా తగిలించాను.

ఆ వేళ వెళ్లిన ఊళ్లో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ అమ్మితేనే ఊరు అమ్ముతుంది. నేను ధర చెప్పగానే ఆవిడ తాపీగా, "సాయంత్రంలోగా నిండాలంటగా అబ్బాయ్. మాకేం తొందర లేదులే, రేపు చూద్దాం" అంది. లారీ ఎండలో ఉంది. డ్రైవరు నిద్రలో ఉన్నాడు. చివరికి ఆవిడ అడిగిన ధరకే కొన్నాను.

ఓనరు కేకలెయ్యలేదు. అందుకే భయమేసింది. "ఇంకొక్కసారి చూస్తా. కుదరకపోతే కొనుగోలుకి వేరే మనిషిని పెట్టుకుంటా. రేపు ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్లు" అన్నాడు. ఊళ్లు తిరగడం తప్ప నాకు ఇంకో పని రాదు, ఇష్టమూ లేదు. నిజంగానే దిగులు పట్టుకుంది.

మర్నాడు నా ఫోన్ ఓనరు బీరువాలో పెట్టి, నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అదే ఊరు వెళ్లాను. దారంతా చెయ్యి ఊరికే జేబులోకి పోతూనే ఉంది.

"స్టేటస్ లేదేంటి, ఒంట్లో బాగుందా?" అంది పెద్దావిడ. నేను ధర మాత్రమే చెప్పాను. లారీ ఎప్పటికి నిండాలో చెప్పలేదు. మిగిలిన పత్తి ఆవిడ మిల్లు చెప్పిన ధరకే ఇచ్చేసింది. తిరుగుదారిలో ఈల వేసుకుంటూ వచ్చాను.

మిల్లులో ఓనరు తన ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో నేనున్నాను, తువ్వాలుతో సహా, పత్తి ఎక్కిస్తూ. పెద్దావిడ స్టేటస్ అది. "మా పత్తి ఈ అబ్బాయే కొన్నాడు" అని రాసి, కింద ధర వేసింది. తక్కువకి ఇచ్చిందని ఇరుగుపొరుగు అనుకుంటారని కాబోలు, క్వింటాలుకి మూడొందలు కలిపి వేసింది. మాకూ అదే ధర ఇస్తారా అని పక్క ఊళ్ల నుంచి ఓనరుకి ఒకటే ఫోన్లట.

"నేను పెట్టలేదండీ" అన్నాను.

"నువ్వు పెట్టలేదయ్యా, నిన్ను పెట్టారు. రేపటినుంచి గేటు దగ్గర కాటా చూసుకో" అని నా ఫోన్ నాకిచ్చేశాడు.

ఇంటికెళ్లి జరిగిందంతా నాన్నకి చెప్పి, ఆ ఫొటో చూపించాను. ఇక ఊళ్లు తిరగనని కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫొటో చూశాడు.

"తువ్వాలు నీకు బాగుందిరా" అన్నాడు. తర్వాత తన ఫోన్ నా చేతిలో పెట్టి, ఆ ఫొటోని స్టేటస్‌గా ఎలా పెట్టాలో చెప్పమన్నాడు.