తద్దినాల పంతులుగారి వెబ్‌సైటు

రాఘవేందర్ గురించి అమీర్‌పేటలో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు. మనిషి మంచివాడే, కానీ మొదటి పేజీ పిచ్చి. ఎవరి దుకాణమైనా సరే, ఫోనులో వెతికితే మొదటి పేజీలో కనపడాలి. కనపడేదాకా ఆయనకు అన్నం సయించదు. మైత్రీవనం వెనక సందులో, జావా, పైథాన్ బ్యానర్ల కింద మొహం కనపడకుండా పోయిన ఒక మేడలో మూడో అంతస్తు ఆయన ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, కిటికీ మూసినా ఆగని ఆటోల రొద, అంతే. అక్కడే కూర్చుని, బ్లౌజులు కుట్టేవాళ్ళకూ, పళ్ళ డాక్టర్లకూ, ఆడపిల్లల హాస్టళ్ళకూ, మిక్సీలు బాగుచేసే ఆయనకూ వెబ్‌సైట్లు కట్టిపెట్టాడు.

వయసు నలభై దాటింది. తండ్రి మొగిలయ్య జనగామ వైపు నుంచి వచ్చి, ఉన్నన్నాళ్ళూ షేర్ ఆటో నడిపాడు. తల్లి మంగవ్వ ఇప్పటికీ ఎర్రగడ్డ రైతుబజారులో ఆకుకూరలు అమ్ముతుంది. కొడుకు సంపాదిస్తున్నాడు కదా, హాయిగా ఇంట్లో కూర్చోమంటే ఆవిడ వినదు. ఆదివారం పూటైనా ఇంటిపట్టున ఉండమంటే కొడుకూ వినడు. ఎవరిది ఎవరికి అంటుకుందో వాళ్ళకే తెలియాలి.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒక శ్రావణమాసంలో చక్రపాణిగారు మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. పంజాగుట్టలో మెట్రో స్తంభాలు దాటి లోపలికి వెళితే ఒక పాత ఇల్లుంది. ఆ ఇంట్లో ఆయన తద్దినాలు పెట్టిస్తారు. అపార్ట్‌మెంట్లో మడివంట కుదరనివాళ్ళు, భోక్తలుగా కూర్చునే బ్రాహ్మలు దొరకనివాళ్ళు అక్కడికి వచ్చి తల్లిదండ్రుల తిథి జరుపుకుని వెళతారు. మంత్రం ఆయనది, వంట ఆయనతో పనిచేసే వంటావిడ దుర్గాంబగారిది. రాజమండ్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇద్దరికీ అదే ఇల్లు, అదే పని. ఈమధ్య బంజారా హిల్స్‌లో ఎవరో ఏసీ హాలు తీసుకుని ఇదే పని మొదలుపెట్టారు. ఫోనులో వెతికితే ముందు వాళ్ళే కనపడుతున్నారు, చక్రపాణిగారు ఎక్కడా లేరు. ఇల్లు సగం రోజులు ఖాళీగా ఉంటోంది. ఇంటాయనేమో హాస్టలుకిచ్చుకుంటాను, ఖాళీ చెయ్యమని తొందర పెడుతున్నాడు.

"భాద్రపదంలో పక్షాలు వస్తాయండీ, పెద్దల్ని తలుచుకునే రోజులు. అప్పుడు కూడా ఎవరూ రాకపోతే ఇంక దసరాకి తాళాలు ఇచ్చేస్తాను. నాకు ఫరవాలేదు, తమ్ముడి దగ్గరికి పోతాను. దుర్గాంబగారికి మాత్రం ఎవరూ లేరు," అన్నారాయన.

రాఘవేందర్ ఇలాంటి మాటకు ఇట్టే కరిగిపోతాడు. పైకి మాత్రం గంభీరంగా, "ఫికర్ చెయ్యకుండ్రి పంతులుగారు, మొదటి పేజీల కూసోబెడత," అన్నాడు.

కూర్చోబెట్టాడు కూడా, ఎలాగంటారా? అంతకుముందు ఒక ఫంక్షన్ హాలుకు చేసిన సైటు చేతిలో ఉంది. దాన్నే తీసి దీనికి తొడిగాడు. పైన మామిడాకుల తోరణం, కింద రంగురంగుల ముగ్గు, పక్కన బంతిపూలు. మధ్యలో "మీ ఇంటి వేడుకకు మేమున్నాం". ఎవరైనా ఫోన్ చేసి పెట్టేయగానే వాట్సాప్‌లో దానంతటదే వెళ్ళే సందేశం ఒకటి: "మళ్ళీ మళ్ళీ రండి, మీ బంధుమిత్రులకు కూడా చెప్పండి!" పెళ్ళికొడుకును తెచ్చి చూపించినంత సంబరంగా లాప్‌టాప్ తీసుకెళ్ళి చక్రపాణిగారి వరండాలో తెరిచాడు.

చక్రపాణిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. దుర్గాంబగారు వంటింట్లోంచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

"రాఘవేందర్ గారూ, తద్దినం పెట్టే ఇంటికి తోరణం కడతారేంటండీ? ఆవేళ వాకిట్లో ముగ్గు కూడా వెయ్యం. ఇక ఆ మళ్ళీ మళ్ళీ రమ్మనడం ఉంది చూశారూ, ఎవరింట్లో ఎవరు పోవాలని మన కోరిక?"

రాఘవేందర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తప్పు కూడా ఏముంది, వాళ్ళ వైపు ఏటేటా తిథి పెట్టడం లేదు. పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య రోజున, పోయిన పెద్దల పేరు చెప్పి పంతులుకు బియ్యం, కూరగాయలు ఇస్తారు, అయిపోతుంది. తద్దినపు ఇంటి పద్ధతులు ఆయనకెవరు చెప్పారు కనుక! అప్పటికప్పుడు తోరణం పీకేశాడు, ముగ్గు చెరిపేశాడు, వాట్సాప్ నోరు మూయించాడు. తీసేశాక చూస్తే సైటులో తెల్లకాగితం తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక కొత్తగా ఏం పెట్టాలో తోచక ఆ వరండాలోనే కొన్నాళ్ళు తిష్ట వేశాడు. చక్రపాణిగారికి వచ్చే ఫోన్లు వింటూ కూర్చున్నాడు. అందరూ ఇంచుమించు ఒకటే అడుగుతున్నారు. నాన్న పోయిన తేదీ తెలుసు, తిథి తెలియదు, ఈ ఏడు ఎప్పుడొచ్చింది? అన్నదమ్ములం వేరుగా ఉన్నాం, విడివిడిగా పెట్టొచ్చా? కొడుకులు లేరు, అమ్మాయి పెట్టొచ్చా? ఆయన పంచాంగం తిరగేసి అందరికీ ఓపిగ్గా చెబుతారు. చెప్పి పెట్టేస్తారు. రాఘవేందర్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇంత చెప్పిన మనిషి అడ్రసు చెప్పడేం! అది విని బంజారా హిల్స్ హాలుకు పోతే ఏం చేస్తాడు? అలా గొణుక్కుంటూ ఉండగానే బుర్రలో వెలిగింది. ఇంతమంది ఫోన్ చేసి అడుగుతున్నారంటే, చెయ్యనివాళ్ళంతా ఇవే మాటలు గూగుల్‌ను అడుగుతూ ఉంటారు. జవాబు మన దగ్గర దొరకాలి.

దాంతో కూర్చుని ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ రాశాడు. జనం అడిగే మాటల్లోనే ప్రశ్న, చక్రపాణిగారు చెప్పే మాటల్లోనే జవాబు. తెల్లటి పేజీ, పెద్ద నల్లటి అక్షరాలు, చత్వారం వచ్చినవాళ్ళకు కూడా కనపడేలా. తేదీ కొడితే తిథి చెప్పే గడి ఒకటి. కొన్న ఫోటోల జోలికి పోకుండా వరండా, వంటిల్లు, దుర్గాంబగారు అరటికాయ తరుగుతున్న చేతులు పెట్టాడు. మ్యాపులో గుర్తు ఎదురు సందులో ఒక జిమ్ము మీద ఉంది, ఇన్నాళ్ళూ ఎంతమంది తద్దినానికని బయలుదేరి అక్కడ తేలారో! దాన్ని లాక్కొచ్చి ఇంటి మీద పెట్టాడు.

పెత్రమాస పేజీ చివర చక్రపాణిగారు పట్టుబట్టి ఒక పేరా రాయించారు. ఎక్కడికీ వెళ్ళలేనివాళ్ళు ఇంట్లోనే బియ్యం, పప్పు, కూరలు ఎలా సర్దుకోవాలి, ఎవరికివ్వాలి, అంతా వివరంగా. మంత్రం రాకపోయినా ఫరవాలేదు, పేరు చెప్పి దణ్ణం పెట్టుకోండి, చాలు అని ముగించారు.

పక్షాలు మొదలయ్యాయి. సైటుకు వచ్చేవాళ్ళు వరదలా వస్తున్నారు, మెల్లగా మొదటి పేజీ కూడా ఎక్కింది. ఫోన్ చేసి థాంక్స్ చెబుతున్నారు. మనుషులు మాత్రం రావడం లేదు. వరండాలో వేసిన చాపలు వేసినట్టే ఉన్నాయి. దుర్గాంబగారు పొద్దున్నే స్నానం చేసి వంటింటి గడప దగ్గర కూర్చుంటున్నారు. ఆవిడ మొహం చూడలేక రాఘవేందర్ ఆ చివరి పేరా మీద కక్ష పెంచుకున్నాడు. ఇంట్లో ఎలా చేసుకోవాలో మనమే నేర్పిస్తుంటే ఇక్కడికి ఎవడొస్తాడు? తీసేద్దామని అడిగాడు. చక్రపాణిగారు ససేమిరా అన్నారు. చేసుకోగలిగినవాడు ఇంట్లోనే చేసుకోవాలి, చేసుకోలేనివాడి కోసం మనం అన్నది ఆయన లెక్క.

ఆ మధ్యాహ్నం రాఘవేందర్ ఆఫీసుకు వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా ఆ పేరా తీసేశాడు. ఆయన మంచికేగా చేస్తున్నాను అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో చాయ్ తాగుతుంటే, ఎదురుగా కూర్చుని గోంగూర కట్టలు కడుతున్న మంగవ్వ ఉన్నట్టుండి అడిగింది.

"నీ ఫోన్ల పెత్రమాస ముచ్చట ఒకటుంటదట, జర సూడు బిడ్డా. పక్కింటి వనిత మొన్న సదివి వినిపిచ్చింది. మంత్రం రాకున్నా మంచిదే, పేరు జెప్పి దండం బెట్టుకోమని మంచిగ రాసిండ్రు. ఏమేం తేవాల్నో మల్లోసారి సదివిపిచ్చుకుందామంటే, ఇయ్యాల లేదంటుంది. ఎవడో తీసేసిండంట."

రాఘవేందర్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది. వనితనెందుకు, నన్నడగొచ్చు కదమ్మా అన్నాడు.

"నిన్నేమడుగుత? మీ నాయిన పోయినకాన్నుంచి ఏడాదికోపాలి అడుగుతనే ఉన్న. పంతులు దొరకడంటివి, పనుందంటివి. మల్ల అడుగబుద్ధి కాలే. గందుకే నేనే ఇచ్చుకుందామనుకున్న."

కోపంగా అనలేదు, కట్టకు పీచు చుడుతూ మామూలుగా అంది. అదే రాఘవేందర్‌ను ఎక్కువ కోసింది. ఊరందరి తండ్రుల తిథులూ వెతికిపెట్టే మొనగాడు, సొంత తండ్రి పేరున దోసెడు బియ్యం ఇవ్వలేదు. తల్లి తన దారేదో తాను వెతుక్కుంటే ఆ దారి కూడా మూసేశాడు. ఆ "ఎవడో" తానేనని చెప్పడానికి నోరు రాలేదు. చాయ్ పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాడు, పేరాను ఎక్కడిదక్కడ పెట్టాడు. తర్వాత ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. మంగవ్వ కట్టలు కట్టడం ఆపి విన్నది. పెత్రమాస నాడు పంతులుగారి దగ్గరికి నేనే తీసుకుపోతానమ్మా అని అప్పుడు చెప్పాడు.

పంజాగుట్ట వెళ్ళి, పేరా తీసేసింది తానేనని చక్రపాణిగారి ముందు ఒప్పుకున్నాడు. ఆయన మాత్రం "మళ్ళీ పెట్టేశారుగా" అని, దుర్గాంబగారిని కాఫీ ఇవ్వమన్నారు.

తీరా చూస్తే జనం ఒకరికొకరు పంపుకుంటున్నది ఆ పేరానే. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గుంపుల్లో అది చెయ్యి మారుతూ పోయింది, దాని వెంట సైటూ పైకి పోయి అన్నిటికన్నా ముందు కూర్చుంది. రాఘవేందర్ ఇన్నేళ్ళు నేర్చిన విద్య అంతా కలిపినా అంత పని చెయ్యలేదు. అది చదివి ఇంట్లో అన్నీ సర్దుకున్నవాళ్ళకు చివరికి తీసుకునే చెయ్యి దొరకలేదు. ఫోన్లు మొదలయ్యాయి. బియ్యం సిద్ధం చేసుకున్నామండీ, ఇవ్వడానికి ఎవరూ లేరు, మీ దగ్గరికి రావచ్చా? ఇంత వివరంగా చెప్పినవాళ్ళు మోసం చెయ్యరని వాళ్ళ నమ్మకం.

అమావాస్య నాడు మెట్రో మెట్ల దగ్గర బతుకమ్మకని తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. వాటిని దాటుకుని బియ్యం సంచులతో వచ్చిన జనం గేటు బయటిదాకా నిలబడ్డారు. దుర్గాంబగారు పొయ్యి దగ్గర నుంచి కదలలేదు, చెమట తుడుచుకుంటూ అందరినీ విసుక్కుంటూ ఎంత సంతోషంగా ఉన్నారో! ఖాళీ ఎప్పుడు చేస్తారని అడగడానికి వచ్చిన ఇంటాయన కాసేపు తచ్చాడి, పక్క కొట్లో బియ్యం కొనుక్కొచ్చి, వాళ్ళమ్మ పేరున ఇస్తానని వరుసలో నిలబడ్డాడు. హాస్టలు మాట మరి ఎత్తలేదు.

మంగవ్వ వంతు వచ్చింది. తన బజారు నుంచి ఏరి తెచ్చుకున్న కూరలు, తువ్వాలులో బియ్యం చక్రపాణిగారి ముందు పెట్టింది. వెనక రాఘవేందర్ నిలబడ్డాడు. చక్రపాణిగారు అలవాటుగా, పోయినవారి పేరు, తిథి చెప్పమన్నారు. రాఘవేందర్ తల్లి వైపు చూశాడు. కరోనా రోజుల్లో ఆసుపత్రి వాళ్ళు లోపలికి తీసుకెళ్ళిన మనిషి మొగిలయ్య. కాగితం మీద ఒక తేదీ ఉంది, వార్డులో వాళ్ళు మరొకటి చెప్పారు. కడసారి చూపు కూడా దక్కలేదు.

"ఏ దినం పోయిండో మాకెవలు సక్కగ చెప్పలేదయ్యా," అంది మంగవ్వ.

"తెలియకపోతే ఏం తల్లీ, ఎప్పుడు పోయారో తెలియనివాళ్ళందరిదీ ఈ రోజే. ఊరికే పేరు చెప్పండి," అన్నారు చక్రపాణిగారు.

మంగవ్వ కొడుకు చెయ్యి పట్టి ముందుకు లాగింది. రాఘవేందర్ వంగి, బియ్యం మీద చెయ్యి పెట్టి, "మొగిలయ్య" అన్నాడు. పక్కనున్న మంగవ్వకు తప్ప ఆ మాట ఎవరికీ వినపడలేదు.

"మళ్ళీ చెప్పు నాయనా," అన్నారాయన.

ఈసారి వరండా అంతా వినపడేలా చెప్పాడు.